కాటా అత్త ముక్కు లారీ

మా అత్త రహస్యం చెప్పాలనుకుంటే ముందు కిటికీలు మూస్తుంది. మూసినా లాభం ఉండదు. ఎదురింటావిడ తన వరండాలోంచే దానికి జవాబు చెప్పేస్తుంది. తప్పు అత్తది కాదు, ఉద్యోగానిది. సరుకుల మార్కెట్‌కి వెళ్లే రోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఒకటుంది. నేలలో పరిచిన పెద్ద ఇనుప పలక, దాని పక్కన ఒక ఇరుకు గది, గదికి ఊచల కిటికీ. లారీ పలక ఎక్కితే గదిలో ముల్లు కదులుతుంది. ఆ ముల్లు ముందు అత్త తన ఉద్యోగకాలమంతా కూర్చుంది. ఇంజన్ల చప్పుడు దాటించి మాట్లాడీ మాట్లాడీ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. డ్రైవర్లందరికీ ఆవిడ కాటా అమ్మ. నాకు కాటా అత్త. చెవులు మాత్రం పాముచెవులు. కాకపోతే తనకు నచ్చిన మాట రెండోసారి చెప్పించుకోవాలనుకున్నప్పుడు ఒక్కసారిగా చెవుడు వస్తుంది.

నా సంగతి పూర్తిగా వేరు. నేను సాహిత్యంలో పీజీ చేశాను. మౌఖిక పరీక్షలో ప్రొఫెసర్ గారు "ఏమన్నావమ్మా?" అని అడిగీ అడిగీ విసిగిపోయి, చివరికి నేను చెప్పి ఉంటానని తను ఊహించుకున్న జవాబుకి మార్కులు వేశారు. మంచి మార్కులే వచ్చాయి. నేను గట్టిగా మాట్లాడి ఉంటే అన్ని వచ్చేవి కావు. అలాంటి నేను ఒక లారీకి క్లీనర్‌ని కావడం వెనుక నా ప్రతిభ ఏమీ లేదు. ఆ సమయానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే.

అత్త కాటా గదిలోకి వెళ్లింది కూడా దాదాపు ఇలాగే. అక్కడి గుమాస్తా సెలవు పెడితే, ఆయన వచ్చేదాకా కూర్చోమన్నారు. ఆయన తిరిగి రాలేదు. అత్త తిరిగి వెళ్లలేదు. మొదట్లో డ్రైవర్లు ఆడపిల్ల కదా అని ఆటపట్టించబోయారట. లోడుతో తూచేటప్పుడు సీట్లో కూర్చునే ఉండేవాళ్లు, ఖాళీ బండి తూచేటప్పుడు కిందికి దిగేవాళ్లు. మనిషి బరువు కూడా సరుకు బరువులో కలిసిపోయేది. అది కనిపెట్టిన రోజున అత్త ఒక నియమం పెట్టింది. పలక ఎక్కిన బండి ఇంజన్ ఆపాలి, ఎందుకంటే ఇంజన్ నడుస్తుంటే ముల్లు వణుకుతుంది. బండిలో ఉన్నవాళ్లంతా కిందికి దిగాలి. ఆ తర్వాతే తూకం. ఎండైనా, వానైనా, డ్రైవర్‌కి జ్వరమైనా, ఆ బండి కాటా యజమాని బావమరిదిదైనా.

"ఇంజన్ ఆపు! కిందికి దిగు!"

ఆ రెండు ముక్కలూ అత్త నిద్రలో కూడా అంటుంది. పక్క మంచం మీద పడుకునే నేను మొదట్లో నిజంగానే దిగేదాన్ని.

డ్రైవర్లు లారీని పలక మీదే వదిలి టీ తాగడానికి పోవడం అత్తకి ఒళ్లుమంట. వెనక బళ్లు ఆగిపోతాయి. పిలిచి పిలిచి విసుగెత్తి, చివరికి తనే ఎక్కి బండి పక్కకి తీయడం మొదలుపెట్టింది. లారీ నడపడం అలా వచ్చింది. చాలాకాలం వరకు ముందుకి కొన్ని గజాలు నడపడమే వచ్చు. వెనక్కి నడపడం తర్వాత నేర్చుకుంది. తన కాటా దగ్గర లైను ఆగకూడదు, అంతే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్లని వచ్చినట్టే తూచి పంపించేశాను" అంటుంది. వెనకాల ఇంకే కథా లేదు. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి ఉంటుందేమోనని చాలాకాలం వెతికాను.

ముక్కు లారీ పరిచయమైంది అక్కడే. ఇప్పటి లారీలకు ముఖం బల్లపరుపుగా ఉంటుంది. పాతకాలం లారీలకు ఇంజను ముందుకి పొడుచుకొచ్చి, పైన బోనెట్టుతో అచ్చం ముక్కులా ఉండేది. పెంకుల ఫ్యాక్టరీకి అలాంటిది ఒకటుండేది. ఆకుపచ్చది, పెట్రోలుతో నడిచేది. ఆ బండి మీద అత్త మనసు పడటానికి కారణం అందమూ కాదు, పాతదనమూ కాదు. ఎప్పుడు తూచినా దాని ఖాళీ బరువు ఒకటే వచ్చేది. మిగతా బళ్లు రోజుకో రకం. కొన్నిటి సీటు కింద ఇటుకలు, కొన్నిటి డ్రమ్ముల్లో నీళ్లు. "దానికి అబద్ధం తెలీదే" అనేది అత్త. మనుషుల గురించి ఆవిడ అంత మంచిమాట అనగా నేను వినలేదు.

ఉద్యోగ విరమణ చేశాక అత్తకి ఇంటి నిశ్శబ్దం పడలేదు. మా వీధిలో చప్పుడు చేసేది మిక్సీ ఒక్కటే. కొన్నాళ్లకి పెంకుల ఫ్యాక్టరీ మూతపడిందని, ముక్కు లారీ పెరట్లో పడి ఉందని తెలిసింది. చూసొస్తానని వెళ్లింది. కొనుక్కొచ్చింది. ఇంకో లారీ వెనక తాడుతో కట్టించుకుని, తను స్టీరింగ్ ముందు కూర్చుని వీధిలోకి వచ్చేసరికి, సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. పిల్లలు అయ్యేదాకా ఆ కోడిని లేపనివ్వలేదు. ఆ తర్వాత లారీ మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో స్థిరపడింది.

ఆ ఖాళీ స్థలం మీద మా నాన్నకి వేరే ఆలోచన ఉంది. నాన్న లెక్కల మాస్టారు. సాయంత్రాలు ఇంటి వరండాలో పిల్లలకు ట్యూషన్ చెబుతారు. పిల్లలు మెట్ల మీదా, చెప్పుల మీదా కూర్చుని లెక్కలు చేస్తారు. పక్క స్థలంలో చిన్న షెడ్డు వేసుకోవాలని ఆయన కోరిక. షెడ్డు రావలసిన చోట లారీ వచ్చింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని, ఆ బండి నడవదు గానీ పెట్రోలు మాత్రం తాగుతోందే!" అనేవారు నాన్న, తన అక్కకి, అంటే మా అత్తకి, వినపడేలా అమ్మతో.

"గుడ్డిదేం కాదు. రెండు లైట్లూ వెలుగుతున్నాయి" అనేది అత్త, వీధంతా వినపడేలా.

"మధ్యలో నన్నెందుకు లాగుతారు వదినా" అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది.

పాత బళ్ల సంఘం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాత వ్యాన్లు, లారీలు ఉంచుకున్నవాళ్లు మా ఊళ్లో కొందరున్నారు. ఆదివారం పొద్దున ఎవరో ఒకరి ఇంటి దగ్గర కలుస్తారు. కలిసి ఏం చేస్తారని అడిగితే చెప్పడం కష్టం. బోనెట్టు తెరుస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి చూస్తారు. ఎవరో ఒకరు "ఊఁ" అంటారు. మిగతావాళ్లు తలూపుతారు. బోనెట్టు మూస్తారు. ఎవరి బండి స్టార్ట్ కాకపోయినా నవ్వకూడదు, తర్వాతి వంతు తనదేనని అందరికీ తెలుసు. మొదట్లో వీళ్లని చూసి నాలో నేను నవ్వుకున్నాను. ఒక ఆదివారం కార్బురేటర్‌లోకి చూస్తూ "ఊఁ" అన్నది నేనే అని గ్రహించేసరికి ఆలస్యమైపోయింది.

సంఘానికి పెద్ద పళ్ల డాక్టరు గారు. ఆయనకి ఒక పాతకాలపు పాల వ్యాను ఉంది. ఏ బండి చూసినా, ఏ బోల్టు చూసినా ఆయన మొదటి ప్రశ్న "ఒరిజినలేనా?" అందుకే ఆయన పేరు ఒరిజినల్ గారు.

"ఊళ్లో సగం నోళ్లలో కట్టుడు పళ్లు పెట్టిందాయనే" అంది అత్త ఒకసారి, ఆయన ఎదురుగానే. "బండికి మాత్రం ఒరిజినల్ కావాలట!"

"మేడమ్, నోరు వేరు, బండి వేరు. నోటికి ఒరిజినల్ విడిభాగాలు దొరకవు" అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

ముక్కు లారీకి సెల్ఫ్ మోటారు కాలిపోయింది. తాళం తిప్పితే చప్పుడు రాదు. వేరే బండిది సరిపోయేదే, కానీ ఒరిజినల్ గారు ఒప్పుకోలేదు. ఈ మోడల్‌దే దొరకాలి, వెతుకుదాం అన్నారు. ఇంకా వెతుకుతున్నారు. అందాకా ముక్కు కింద కంతలో ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్లతో పాటు ఒకే వైపు ఉండాలి. చుట్టి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. సంఘంలో పాతవాళ్లని వంకర బొటనవేలు చూసి గుర్తుపట్టవచ్చు. అత్త బొటనవేలు చక్కగా ఉంటుంది. నాది కూడా. దానికి కారణం నైపుణ్యం కాదు. నేను తిప్పితే అది తిరిగేదే కాదు.

నా పనులు వేరే ఉన్నాయి. మరమ్మతుల పుస్తకం పైకి చదివి వినిపించడం. "ఆ వాక్యం మళ్లీ చదువు" అంటే మళ్లీ చదవడం. "ఇందులో కర్త ఎవరో తెలియడం లేదు అత్తా" అంటే తిట్లు తినడం. బండి కదిలినప్పుడు ఎడమ వైపు కూర్చుని, అడ్డం ఉంటే తలుపు మీద ఒక దెబ్బ, లేకపోతే రెండు దెబ్బలు కొట్టడం. మామూలు క్లీనర్లు "రైట్ రైట్" అని అరుస్తారు. నా అరుపు నా చెవి దాటదు కాబట్టి నాకు దెబ్బలే భాష.

ఇంజన్ వేడెక్కాక ఆపితే మాత్రం బండి మళ్లీ స్టార్ట్ కాదు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. అది చల్లబడేదాకా ఎవరు ఎంత తిప్పినా దండగే. దీనికి మందు లేదు. ఆపకుండా ఉండటమే.

ఆ ఏడు ఊరవతల గ్రౌండులో పాత బళ్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. సరిగ్గా అప్పుడే నాన్నకి ఓపిక అయిపోయింది. భోజనాల దగ్గర కంచం ముందు కూర్చుని, మెల్లగా మొదలుపెట్టారు. మా నాన్న బడిలో పులి. అక్క ముందు మాత్రం ఆయన గొంతు నా గొంతు అవుతుంది.

"అక్కా, ఒక మాట."

"వినపడటం లేదు. గట్టిగా చెప్పు."

"ఒక మాట అన్నాను. ప్రదర్శనకి నీ బండి తన చక్రాల మీద తను వెళ్తే, ఇక జన్మలో దాని ఊసెత్తను. ఎవరూ తోయకూడదు, లాగకూడదు. వెళ్లలేకపోతే తుక్కువాడిని పిలుస్తాను. షెడ్డు వేసుకుంటాను."

అమ్మ గరిటె ఆపి అత్త వైపు చూసింది. నేను కంచంలోకి చూశాను. అత్త మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"సరే. నా మాట తూకం తప్పదు. నువ్వే వెనకాల స్కూటర్ మీద వచ్చి చూసుకో."

ప్రదర్శన రోజు పొద్దున బండి మూడో తిప్పుకే స్టార్టయింది. ఒరిజినల్ గారు తన పాల వ్యానులో ముందే బయల్దేరుతూ ఒకటే మాట చెప్పారు. "మేడమ్, ఏమైనా చేయండి. గ్రౌండులోకి వెళ్లేదాకా ఇంజన్ మాత్రం ఆపకండి."

"చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు. ఆపను!" అంది అత్త.

బయల్దేరాం. అత్త స్టీరింగ్ ముందు నిటారుగా, కొంగు బిగించి. నేను ఎడమ వైపు, చెయ్యి తలుపు మీద. వెనక స్కూటర్ మీద నాన్న, హెల్మెట్‌లో. బండి ఎంత నెమ్మదిగా పోతోందంటే సైకిళ్లు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, జాలిపడి వెళ్లాయి. నేను లోలోపల దీన్ని ఏనుగుతో పోల్చాలా, పడవతో పోల్చాలా అని ఆలోచిస్తూ రెండుసార్లు దెబ్బలు కొట్టడం మరిచిపోయాను.

"క్లీనరమ్మా! నిద్రా?" అంది అత్త.

"లేదత్తా, ఉపమానం..."

"ముందు ఆటో ఉంది. అది చెప్పు!"

గ్రౌండుకి వెళ్లే దారి మార్కెట్ రోడ్డే. సగం దారిలో కాటా కనిపించింది. పలక ఖాళీగా ఉంది. అత్త బండి ఇంకా నెమ్మది చేసింది.

"ఒసేయ్, ఊళ్లో అందరి బళ్లూ తూచాను. నా బండి నాదయ్యాక ఒక్కసారీ తూచలేదు."

"అత్తా, ఇంజన్..."

"ఆపనే! ఇలా ఎక్కించి, అలా దించేస్తాను. నన్ను పలక మీద చూడాలని దానికీ ఉంటుంది."

ఎవరికి ఉంటుందని అడిగేలోపే ముందు చక్రాలు ఎక్కేశాయి. పలక కింద ఆ చప్పుడు వచ్చింది. ధన్‌మని ఒకసారి, వెనక చక్రాలకి ఇంకోసారి. ఆ రెండో చప్పుడుతో అత్త ముఖం మారిపోయింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇల్లు చేరినవాళ్ల ముఖంలా అయింది. చెయ్యి దానంతట అదే వెళ్లి తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది. తలుపు తీసి, కిందికి దిగి, గబగబా నడిచి కాటా గదిలోకి వెళ్లింది. అక్కడ ఇప్పటి గుమాస్తా, ఒకప్పుడు అత్త దగ్గరే పని నేర్చుకున్నాయన, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు.

"లే" అంది అత్త.

ఆయన లేచాడు. అత్త కుర్చీలో కూర్చుని, ఇప్పుడు ముల్లుకి బదులుగా ఉన్న ఎర్ర అంకెల వైపు చూసింది. ఊచలకి ముఖం ఆనించి రోడ్డు మీదికి అరిచింది.

"బండిలో ఇంకా ఎవరో ఉన్నారు! కిందికి దిగు!"

నేను దిగాను. ఏం చేయను, అలవాటు.

అంకెలు నిలబడ్డాయి. అత్త పొంగిపోయింది. "చూశావా! అప్పటి బరువే! ఇన్నేళ్లకి కూడా..." అని, మాట మధ్యలో ఆగిపోయింది. రోడ్డంతా నిశ్శబ్దంగా ఉండటం అప్పుడు వినపడింది ఆవిడకి. మెల్లగా తల తిప్పి లారీ వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఆపానా?"

నేను తలూపాను.

హ్యాండిల్ తీశాం. అత్త తిప్పింది. నేను తిప్పాను, అంటే దానికి వేలాడాను. తడిగుడ్డ పెట్రోలు గొట్టం మీద కప్పాం. ఏమీ లేదు. ఈలోగా వెనక లారీలు వచ్చి చేరాయి. ఉల్లిపాయల లారీ, దాని వెనక సిమెంటు, దాని వెనక కనపడనన్ని. హారన్లు మొదలయ్యాయి.

"ఏంటమ్మా, మ్యూజియం తలుపు తీసి వదిలేశారా?" అని అరిచాడు సిమెంటు లారీ డ్రైవరు.

"తాతని తెచ్చి రోడ్డు మీద పడుకోబెట్టారు!" అన్నాడింకొకడు.

ఉల్లిపాయల లారీలోంచి తెల్లజుట్టు డ్రైవరు ఒకాయన దిగి వచ్చాడు. అత్తని చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కాటా అమ్మా! నువ్వా?"

"నేనే. ఏం?"

"ఒకసారి పెద్ద వానలో నన్ను దింపావు గుర్తుందా? ఒళ్లు కాలిపోతోందమ్మా, జ్వరం అంటే, 'జ్వరం బరువు కూడా సరుకులో కలుపుతావా' అన్నావు."

"గుర్తుంది."

"ఆ రోజు అనుకున్నాను, ఈవిడని ఒక్కసారి ఈ పలక మీద దింపకపోతానా అని. దేవుడున్నాడు!" అని పడీపడీ నవ్వాడు. తర్వాత చుట్టూ చూసి అన్నాడు. "వేడి మీదుంది, ఇప్పట్లో లేవదు. పదండ్రా, ఒక చెయ్యి వేసి పక్కకి తోసేద్దాం."

"తోయకూడదు!" అంది అత్త.

అందరూ ఆగిపోయారు. నాన్న అప్పటికి స్కూటర్ దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని పలక అంచున నిలబడి ఉన్నారు. అత్త ఆయన వైపు చూసింది. తోస్తే పందెం పోతుంది. బండి తుక్కుకి పోతుంది. అది అక్కడ మా ముగ్గురికే తెలుసు.

"నేనేం అనలేదు అక్కా" అన్నారు నాన్న, చాలా మెల్లగా.

వెనక హారన్లు ఎక్కువయ్యాయి. ఎవరో, మార్కెట్ మూసేస్తారమ్మా, సరుకు దింపుకోవాలి అని బతిమాలుతున్నారు. అత్త ఆ లైను మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఆ కాటా దగ్గర తన వల్ల లైను ఆగడం ఆవిడ బతుకులో జరగలేదు. లారీ ముక్కు మీద ఒకసారి చెయ్యి పెట్టింది. చురుక్కుమందేమో, వెంటనే తీసేసింది.

"తోయండి" అంది. మొదటిసారి ఆవిడ గొంతు నా గొంతంత చిన్నగా వచ్చింది.

అందరూ చెయ్యి వేశారు. తెల్లజుట్టాయన అందరికంటే ఎక్కువ అరిచి, అందరికంటే తక్కువ తోశాడు. బండి పలక దిగి పక్కన చెట్టు నీడలో ఆగింది. లైను కదిలింది. మేం ఇద్దరం నీడలో కూర్చున్నాం. ఇంజన్ చల్లబడి బండి స్టార్టయి మేం గ్రౌండు చేరేసరికి షామియానాలు విప్పేస్తున్నారు. ఒరిజినల్ గారు ఒక్కరే ఎదురుచూస్తున్నారు.

"ఎక్కడ ఆగింది మేడమ్?"

"అది ఆగలేదు డాక్టరు గారూ. నేనాపాను."

ఆయన నవ్వలేదు. నియమం నియమమే.

మర్నాడు పొద్దున అత్త తనే వచ్చి నాన్న ముందు నిలబడింది. "తుక్కువాడికి కబురు చెయ్యి."

"అక్కా, బండి నడిచింది కదా, ఆ కాసేపు..."

"తోశారా లేదా?"

"తోశారు."

"అయితే ఇంకేంటి? కాటా మీద కూర్చున్నదాన్ని, ఇటు ఒక రాయి, అటు ఒక రాయి వేయడం నాకు రాదు."

నాన్న ముఖం చూస్తే, గెలిచినవాడి ముఖంలా లేదు. షెడ్డుకి గీసుకున్న బొమ్మ చొక్కా జేబులోనే ఉంది, తీయలేదు. అమ్మ నాతో, "మీ నాన్న ఏదో ఒకటి అంటే బాగుండు" అంది. "ఆవిడేదైనా అడిగితే బాగుండు" అన్నారు నాన్న కూడా, నాతోనే. ఇద్దరి మాటలూ మోసుకెళ్లి అత్తకి చెప్పాల్సింది నేను. నేను చెప్పాను కూడా. ఎంత బాగా చెప్పానంటే, అత్త "ఏమిటి గొణుగుతున్నావ్?" అంది.

తుక్కు వ్యాపారి వచ్చి, బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్నాడు. అత్త మొహం తిప్పుకుంది.

"తూకం లెక్కనే తీసుకుంటానండీ. కాటాకి తీసుకొచ్చేయండి. అక్కడి నుంచి నేను పట్టుకుపోతా."

అలా ముక్కు లారీ మళ్లీ కాటాకి బయల్దేరింది. ఈసారి నాన్న స్కూటర్ తీయలేదు. "నేనూ మీతో వస్తాను" అని క్యాబిన్‌లోకి ఎక్కి, మా ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఇన్నాళ్లలో ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. గేరు మార్చినప్పుడల్లా ఆయన మోకాలు జరపాల్సి వచ్చింది. కాసేపటికి అడక్కుండానే జరపడం మొదలుపెట్టారు. "ఇంత ఎత్తు నుంచి ఊరు వేరేలా ఉందే" అన్నారు ఎవరితోనో. అత్త విననట్టే ఉంది.

మార్కెట్ రోడ్డు ఎక్కగానే నాన్న కంగారు పడటం మొదలైంది. మొన్నటి లైను, హారన్లు, తాతని పడుకోబెట్టారన్న మాట, అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. ఆ కాటా దగ్గర ఆయన శిష్యుల తండ్రులు సగం మంది సరుకు తూపించుకుంటారు.

ధన్. ధన్. పలక ఎక్కాం. వెనక అప్పుడే రెండు లారీలు చేరాయి. అత్త చెయ్యి తాళం వైపు వెళ్లింది.

"అక్కా!" నాన్న ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఇంజన్ మాత్రం ఆపకు!"

అత్త ఆయన వైపు చూసింది. ఊచల కిటికీలోంచి గుమాస్తా ఇయర్‌ఫోన్ తీసి అరిచాడు.

"అమ్మా, ఇంజన్ ఆపాలి! ముగ్గురూ కిందికి దిగాలి!"

"ఆపకుండా తూచలేవా?" అన్నారు నాన్న, నా మీదుగా వంగి.

"అంకెలు ఊగుతున్నాయండీ. అయినా ఇది అమ్మగారు పెట్టిన రూలే. ఇంజన్ ఆపాలి, దిగాలి, అప్పుడే తూకం."

"తూకం లేకుండా నేనెలా తీసుకునేదండీ?" అన్నాడు కింద నిలబడ్డ తుక్కు వ్యాపారి.

వెనక హారన్ మోగింది. ఇంకోటి మోగింది. అత్త రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎదర అద్దంలోంచి తిన్నగా చూస్తోంది. ఆవిడ గడ్డం వణకడం నేను చూశాను. ఇంజన్ వల్ల అనుకోవచ్చు. ఆ బండిలో అందరి గడ్డాలూ వణుకుతాయి.

"చెప్పు తమ్ముడూ. తుక్కుకి ఇస్తున్నది నువ్వు. ఆపమంటే ఆపుతాను. దిగమంటే దిగుతాను."

నాన్న వెనక లైను చూశారు. తుక్కు వ్యాపారిని చూశారు. తన చెయ్యి ఇంకా అక్క చేతి మీదే ఉండటం చూసుకున్నారు. జేబులో కాగితం సర్దుకున్నారు.

"పోనీ అక్కా" అన్నారు, నోట్లోనే.

మా అత్తకి వీధి చివర మిక్సీ ఆగితే వినపడుతుంది. గడ్డం నిలబెట్టి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నావురా? వినపడలేదు!"

"పోనీ అన్నాను."

"ఇంజన్ మోతరా! గట్టిగా చెప్పు!"

"పోనివ్వు అక్కా!" బడిలో గొంతు అది. ఉల్లిపాయల బస్తాల మీద వాలిన కాకులు లేచిపోయాయి. "ఇంటికి పోనివ్వు! నేను వరండాలోనే ట్యూషన్ చెప్పుకుంటాను!"

"ఇప్పుడు వినపడింది" అంది అత్త. గేరు వేసింది. నాన్న మోకాలు జరిపారు.

నేను తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాను.